పద్దెనిమిది మీటర్ల రాయి

ఊళ్ళో అందరికీ నా మీద ఒకటే అనుమానం. పాలకేంద్రం దగ్గర కనబడితే అడుగుతారు, చిల్లరకొట్టుకు పోతే అడుగుతారు, బస్సు కోసం నిలబడితే అడుగుతారు. "ఏం పాపా, మన చేన్లలో ఆయిల్ ఉండాదంట కదా?"

"ఈడ యాడిది అన్నా, లేదు."

"మల్ల లేకపోతే మేడ మీద కూర్చోని ఏం వెతుకుతాండావు?"

ప్రశ్న న్యాయమైనదే. అనంతపురం జిల్లా బెళుగుప్పకు పక్కన ఒక పల్లె మాది. మేడ మీద ఒక గది, గదిలో రెండు కంప్యూటర్ తెరలు, కిటికీ బయట గాలిమరలు. అక్కడ కూర్చుని నేను గోదావరి వైపు తవ్విన నూనె బావుల్లో ఏ లోతులో ఏ రాయి ఉందో చెప్పేదాన్ని. మూడేళ్ళు కోస్తాలో, ఆ బావులు తవ్వే కంపెనీ ఆఫీసులోనే కూర్చుని చేశాను. అక్కడ నేను "ఉండాది" అన్నప్పుడల్లా పక్క కుర్చీవాళ్ళు నాలాగే సాగదీసి అని నవ్వుకునేవాళ్ళు. నేనూ మూడేళ్ళపాటు నాలుకను ఇస్త్రీ చేసుకుని మాట్లాడాను. తర్వాత ఇంటినుంచే పని చేయొచ్చన్నారు. ఆ మాట పూర్తి కాకముందే పెట్టె సర్దేశాను.

మా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నూనె కోసం బావి తవ్వాక, మనిషి కంటే పొడవైన ఒక ఇనుప గొట్టాన్ని తీగకు కట్టి అడుగుదాకా దించుతారు. దాన్ని మెల్లగా పైకి లాగుతుంటే అది చుట్టూ ఉన్న రాయిని కొలుస్తూ వస్తుంది. రాయిలోంచి సహజంగా వచ్చే రేడియేషన్ ఎంత, కరెంటును ఎంత అడ్డుకుంటోంది, శబ్దం ఎంత వేగంగా దాటిపోతోంది, బరువెంత, బావి వెడల్పెంత. ఒక్కొక్క కొలత ఒక్కొక్క గీతగా కాగితం మీదికి దిగుతుంది. ఆ గీతల్ని లాగ్ అంటారు. మూడు కిలోమీటర్ల కింద ఉన్న రాయిని ఎవరూ కళ్ళతో చూడరు. ఆ గీతల్ని చూసి నాలాంటి వాళ్ళు ఇది ఫలానా రాయి అని చెప్తారు.

ఆ బావుల్లో ఎక్కువ భాగం తగిలేది షేల్. ఎప్పటిదో సముద్రపు బురద, దాని మీద ఇంకో బురద, అలా పడీ పడీ నొక్కుకుపోయి పొరలు పొరలుగా గట్టిపడిన రాయి. షేల్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. బూడిదరంగు షేల్ ఉంటుంది, అది ఉత్త బంకమట్టి, దాంతో ఎవరికీ పని లేదు. నల్ల షేల్ ఉంటుంది, చచ్చిన నాచూ పురుగూ పుట్రా అందులో ఇరుక్కుని ఉంటాయి, నూనె పుట్టేది అక్కడే. సన్న ఇసుక కలిసిన షేల్ ఇంకొకటి. వీటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చెప్పడమే నా బతుకుతెరువు. ఇవి కాక, షేల్ కాకుండానే షేల్‌లా కనిపించి అందరి కళ్ళూ కప్పేది ఒకటుంది. నా పనిని తినేసింది అదే.

కాలేజీలో మాకు మొదటిరోజు చెప్పిన పాఠం ఇది: రేడియేషన్ చూపించే గామా గీత కుడివైపుకు జరిగితే షేల్, ఎడమవైపుకు జరిగితే ఇసుకరాయి. బంకమట్టిలో రేడియేషన్ ఎక్కువ, ఇసుకలో తక్కువ కాబట్టి. అది అబద్ధం కాదు. సగం నిజం. ఆ సగం నిజంతోనే ఉద్యోగం మొత్తం లాక్కొచ్చేసినవాళ్ళు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు పెద్ద కుర్చీలు కూడా ఉన్నాయి.

ఆ పాఠం విన్న వారంలోనే నాకు దాని మీద నమ్మకం పోయింది. దసరా సెలవులకు ఇంటికొచ్చి, మా చేని గట్టు మీద నుంచి ఒక గులాబీరంగు రాయిని సంచిలో వేసుకుపోయాను. ల్యాబులో రేడియేషన్ కొలిచే పరికరం ముందు ముందుగా ఒక షేల్ ముక్క పెట్టాను. టిక్కు టిక్కుమంది. దాన్ని తీసి మా చేని రాయి పెట్టాను. ఆ పరికరం ఊపిరి తీసుకోకుండా టకటకా కొట్టుకుంది. మా రాయిలో పొటాషియం ఉన్న ఖనిజం ఎక్కువ. దాని గులాబీరంగు అదే, దాని రేడియేషనూ అదే. మనుషులకు దానివల్ల ఏ హానీ లేదు. ఈ సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ గుండె బాదుకుంది. "అయ్యో దేవరే, మన గడప రాయి అదే కదా! పీకేయల్లా ఏమి?" అని. అమ్మది కర్ణాటక సరిహద్దున గుమ్మఘట్ట వైపు. భయపడితే సగం కన్నడంలో భయపడుతుంది. పీకక్కర్లేదని ఒప్పించడానికి అరగంట పట్టింది.

ఆ తర్వాత గామా గీత కుడివైపుకు జరిగిన ప్రతిసారీ నాకు ఆ గట్టు మీది రాయి గుర్తొచ్చేది.

చూడకుండా రాయికి పేరు పెట్టకూడదనే పిచ్చి నాకు మా నాయన దగ్గర అంటుకుంది. వేరుశనక్కాయ పండించే మనిషి. మెట్ట చేను. బోర్లు వేయించిన ప్రతిసారీ ఆయనకొక అలవాటుండేది. పక్క చేలవాళ్ళు, నీళ్ళ జాడ చెప్తానని అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే మనిషి వెనక తిరిగేవాళ్ళు. నాయన మాత్రం గోనెపట్టా పరుచుకుని యంత్రం పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఒక్కో రాడ్ దిగినప్పుడల్లా పైకెగిరే పొడిని గుప్పెడు పట్టి, పట్టా మీద వరసగా కుప్పలు పోసేవాడు. మొదటి కుప్ప ఎర్రమట్టి, తర్వాత పసుపు గరుసు, తర్వాత గులాబీ, ఆపైన బూడిద. చిటికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. పంటికింద కరకరమంటే ఇసుక, జారిపోతే మట్టి. నాచేతా తినిపించేవాడు. బోరు లారీవాళ్ళు మమ్మల్ని చూసి పడీ పడీ నవ్వేవాళ్ళు. "పాపకు అన్నం పెట్టరా ఏమన్నా?" అని. నాయన వాళ్ళ మాట చెవిన వేసుకునేవాడు కాదు.

నీళ్ళు పడలేదనుకోండి. చాలాసార్లు పడలేదు. దాని గురించి ఏడవడానికి ఇది రాయడం లేదు.

ఇక అసలు సంగతి. మా కంపెనీలో రాళ్ళ విభాగానికి పెద్ద ఒక సార్ ఉండేవారు. చదువుకున్నవాడే, తెలివి తక్కువ మనిషి కాదు, ఆ మాట నేను ఎప్పుడూ అనను. కానీ ఆయన ఒక ప్రోగ్రామ్ తయారుచేయించారు. పాత బావుల రిపోర్టులన్నీ దానికి మేపితే, కొత్త బావి గీతలు చూసి ఏ రాయి ఎక్కడుందో అదే రంగులు వేసేస్తుంది. బంకమట్టి షేల్‌కి బూడిదరంగు, నూనె పుట్టే షేల్‌కి నలుపు, ఇసుకరాయికి పసుపు. నాలుగు రోజుల పని నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. నా పని కాస్తా, అది వేసిన రంగులు చూసి "సరే" అని నొక్కడంగా మారిపోయింది. నొక్కాక కింద నా సంతకం పడుతుంది. ఆ సంతకం లేకుండా బావిని మూసే కాగితం కదలదు. వాళ్ళే పెట్టుకున్న నియమం అది.

ఎక్కువసార్లు ఆ ప్రోగ్రామ్ సరిగ్గానే వేసేది. అబద్ధం చెప్పడమెందుకు. నేను "సరే" నొక్కినవి చాలానే ఉన్నాయి.

గొడవ మొదలైన బావిలో కూడా, పైనుంచి చదువుకుంటూ వస్తున్నంతసేపూ నాకు దాంతో పేచీ లేదు. మంచి నల్ల షేల్ ఒకటి తగిలింది, అదీ నలుపే వేసింది, నేనూ నలుపే అన్నాను. దాని కింద పద్దెనిమిది మీటర్ల ముక్క. గామా గీత బాగా కుడివైపుకు పోయింది. ప్రోగ్రామ్ బూడిదరంగు పూసేసింది. బంకమట్టి షేల్, పనికిరానిది, బావి మూసేయండి అని అర్థం.

నా వేలు మీట మీదే ఉంది. బావి వెడల్పు గీత చూసి ఆగిపోయాను.

షేల్ ఉన్నచోట బావి గోడ విరిగి లోపలికి రాలుతుంది. అందుకే అక్కడ బావి తవ్విన దానికంటే వెడల్పవుతుంది. ఆ బావిలో పైనంతా అలాగే ఉంది, గోడలు రాలి వంకరటింకరగా. ఈ పద్దెనిమిది మీటర్లలో మాత్రం బావి తవ్విన దానికంటే సన్నబడింది. సన్నబడాలంటే గోడ మీద పూత పడాలి. తవ్వేటప్పుడు బావిలో పోసే బురదనీళ్ళలోంచి రాయి నీళ్ళను పీల్చుకుంటే, మిగిలిన మట్టి గోడకు పూతలా అంటుకుంటుంది. షేల్ అలా పీల్చదు. పీల్చేది ఇసుకరాయి.

మిగతా గీతలు లాగి చూశాను. షేల్‌లో విడిపోయి దూరంగా నడవాల్సిన బరువు గీతా, రాయిలో ఖాళీ ఎంతో చెప్పే గీతా ఇక్కడ దగ్గరికొచ్చి జంటగా నడుస్తున్నాయి. అప్పుడు ఒక ఫైలు గుర్తొచ్చింది. గామా రేడియేషన్ ఏ మూలకం నుంచి ఎంత వస్తోందో విడదీసి కొలిచిన ఫైలు. కొలిచారు, పంపారు, ఎవరూ తెరవలేదు, ఎందుకంటే ప్రోగ్రామ్‌కి అది అక్కర్లేదు. తెరిచాను. బంకమట్టి అయితే పొటాషియం, థోరియం కలిసి పెరగాలి. నల్ల షేల్ అయితే యురేనియం పెరగాలి. ఇక్కడ థోరియం లేదు, యురేనియం లేదు. ఉన్నదంతా పొటాషియమే.

ఏ కాలంలోనో ఒక గులాబీరంగు కొండ అరిగి, ఆ ముక్కలు కొట్టుకొచ్చి పేరుకుని గట్టిపడిన ఇసుకరాయి అది. మా చేని గట్టుకు దూరపు చుట్టం.

దాంట్లో నూనె ఉందా అంటే, ఆ మాట నేను చెప్పలేదు. కరెంటును అడ్డుకునే గీత మధ్యలో ఊగుతోంది. నూనె ఉన్నా అలాగే ఉండొచ్చు, ఉప్పు తక్కువున్న నీళ్ళున్నా అలాగే ఉండొచ్చు. రెండూ రాశాను. "ఇది ఇసుకరాయి, షేల్ కాదు. లోపల నూనో నీళ్ళో ఉన్నాయి. పరీక్ష చేయకుండా మూయరాదు." అంతే. "సరే" నొక్కలేదు.

పది నిమిషాల్లో సార్ దగ్గర్నుంచి ఫోన్.

"ఏంటమ్మా ఇది? గామా ఎంత ఉందో చూశావా?"

"చూశాను సార్."

"మరి? అంత గామా ఉంటే షేల్ కాక ఇంకేమవుతుంది?"

"గామా ఒక్కటే చూస్తే మా అనంతపురం జిల్లా అంతా షేలే సార్. మేము షేల్ గడపలు దాటుకుంటూ బతుకుతున్నామన్నమాట."

ఆయన నవ్వారు. మంచి నవ్వు కాదు. "మీ సీమవాళ్ళ పంతం మీరు పోనిచ్చుకోరు కదా! చూడమ్మా, బావి దగ్గర యంత్రం రేపు ఇంకోచోటికి పోవాలి. ప్రోగ్రామ్ షేల్ అంటోంది, నేను షేల్ అంటున్నాను. నీకొక్కదానికే ఇసుకరాయి కనబడుతోందా?"

"విడదీసిన గామా ఫైలు తెరవండి సార్, మీకూ కనబడుతుంది."

ఆయన గొంతు మార్చి, చాలా మెత్తగా అన్నారు. "ఈ నెలాఖరుకి నీ కాంట్రాక్టు అయిపోతోంది కదా. ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. సరే నొక్కేసి హాయిగా ఉండు."

ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉంటే ఇంత మండేది కాదు. పిల్లకు మిఠాయి చూపించినట్టు చూపించాడు. అదే సమయంలో భయమూ వేసింది, అదీ చెప్పాలి. ఈ పల్లెలో కూర్చుని చేయగలిగే ఇలాంటి పని నాకు ఇంకొకటి దొరకదు. ఇది పోతే మళ్ళీ ఏదో ఒక నగరంలో, మళ్ళీ నాలుకను ఇస్త్రీ చేసుకుంటూ. అదంతా ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగింది.

"నొక్కను సార్," అన్నాను.

కిందికి దిగి వచ్చేసరికి నా మొహం చూసి అమ్మకు అర్థమైపోయింది. "సుమ్మనుండు మే, ఊరికే ఉండు. వాళ్ళు పెద్దోళ్ళు. వాళ్ళు ఏదంటే అదే అను, నీ సొమ్మేం పోతాది?" అంది. నాయన వసారాలో వేరుశనక్కాయ మోపు ముందు కూర్చుని కాయలు తెంచుతున్నాడు. జరిగింది చెప్పాను. ఆయన నన్ను రెండే అడిగాడు.

"ఆ రాయిని నువ్వు చూసినావా?"

"ఎవరూ చూడరు నాయనా. గీతలే."

"ఆ గీతలన్నీ చూసినావా? ఒక్కటే చూసి చెప్తాండావా?"

"అన్నీ చూసినా."

"మల్ల ఇంకేం," అని మళ్ళీ కాయలు తెంచుకోవడంలో పడ్డాడు. అమ్మ ఆయన్ను కూడా కలిపి తిట్టింది. తండ్రీకూతుళ్ళకు ఇద్దరికీ మొండితనం తప్ప ఆస్తి లేదంది.

సంతకం లేని కాగితం ఎక్కడ మెడకు చుట్టుకుంటుందోనని సార్ పైవాళ్ళు భయపడ్డారు. రెండు రోజులు పరీక్షకు ఒప్పుకున్నారు. అంటే ఆ పద్దెనిమిది మీటర్ల దగ్గర బావి గోడకు ఆసరాగా దించిన గొట్టానికి కన్నాలు కొట్టి, రాయిలోంచి ఏం వస్తుందో చూస్తారు. ఆ రెండు రోజులూ నేను కాలు గాలిన పిల్లిలా తిరిగాను. కాయలు తెంచబోతే చేతులు నిలవలేదు. ఒక బుట్ట కాయల్లో సగం ఆకు కలిపేశానని అమ్మ లేచి పొమ్మంది. లోపల్లోపల నూనె రావాలనే కోరుకున్నాను. ఇసుకరాయి అని నిరూపించుకోవడం ఒక్కటే చాలదు, సార్ నోరు మూతపడాలంటే నూనె కావాలి. ఆ ఆశ నాకు ఉండింది. దాచుకోను.

రెండో రోజు మధ్యాహ్నం బావి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. నీళ్ళు. నూనె ఒక్క చుక్క లేదు. ఉత్త నీళ్ళు, ధారగా, ఆగకుండా.

మెట్ల మీద కూర్చుండిపోయాను. అయిపోయింది, ఇక నెలాఖరు అక్కర్లేదు, ఈ రోజే పొమ్మంటారు అనుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానో. ఉన్నట్టుండి తలలో ఏదో తట్టి లేచి నిలబడ్డాను. నీళ్ళా? ధారగానా? షేల్ అయితే నీళ్ళెక్కడివి? షేల్‌కి ఎన్ని కన్నాలు కొట్టినా చెంచాడు కూడా రాదు. ధారగా వచ్చిందంటే అది ఇసుకరాయే! నేను చెప్పిన రాయే! ఒక్కదాన్నే పకపకా నవ్వడం మొదలుపెట్టాను. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

నాయన చేను నుంచి రాగానే చెప్పాను. "నీళ్ళు పడినాయి నాయనా."

"ఎన్ని?"

"ధారగా వస్తాండాయంట. మోటారు లేకుండానే, పైకి."

తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటున్న మనిషి అలాగే ఆగిపోయాడు. "మోటారు లేకుండానా?"

"ఊ."

"తాగొచ్చా?"

"ఉప్పు ఉంటాది. మరీ సముద్రమంత కాదు."

"మరి వాళ్ళేం జేస్తాండారు?"

"సిమెంటు పోసి మూసేస్తారు."

నాయన నన్ను ఎగాదిగా చూశాడు, తమాషా చేస్తున్నానేమోనని. "నీళ్ళు పడితే మూసేస్తారా? వాళ్ళ నోట్లో మన్ను పడ! నీళ్ళు పడినాయని ఏడ్చేవాళ్ళను యాడా చూడలేదు కదప్పా," అని ఆ సాయంత్రమంతా ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మరుసటి రోజు పాలకేంద్రం దగ్గర నన్ను ఆయిల్ సంగతి ఎవరూ అడగలేదు. "ఆ నీళ్ళ బోరు యాడుండాది పాపా?" అని అడిగారు.

ఆ మర్నాడే సార్ ఫోన్. ఈసారి గొంతులో తేనె కారుతోంది. "చూశావా అమ్మా, ఇద్దరి మాటా నెగ్గింది. నువ్వు పరీక్ష చేయాలన్నావు, చేశాం. నేను నూనె లేదన్నాను, లేదు. గొడవ అయిపోయింది. ఇక చివరి రిపోర్టులో ఆ ముక్కని షేల్ అని మార్చేసి సంతకం పెట్టు."

నాకు నిజంగానే అర్థం కాలేదు. "నీళ్ళు వచ్చాయి కదా సార్. షేల్‌లోంచి నీళ్ళెలా వస్తాయి?"

"వచ్చాయిలే. నూనె లేని బావి నూనె లేని బావే, అందులో ఏ రాయి ఉంటే ఎవరికి కావాలి? వచ్చేవారం పైవాళ్ళకి ప్రోగ్రామ్ చూపించాలి. ఇప్పటిదాకా అది వేసిన రంగుల్లో ఒక్క తప్పూ లేదు. ఈ ఒక్క ముక్క దగ్గరే నీ రిపోర్టు దాన్ని తప్పంటోంది. ఒక్క మాట మారిస్తే అంతా సాఫీగా పోతుంది."

అప్పుడు అర్థమైంది. ఆ ప్రోగ్రామ్ చివరి రిపోర్టులు చూసి నేర్చుకుంటుంది. నేను షేల్ అని రాస్తే అది ఇలాంటి రాయినంతా షేల్ అనే నేర్చుకుంటుంది. వచ్చే బావిలో ఇదే గులాబీ ఇసుకరాయి తగులుతుంది, ఈసారి అందులో నూనే ఉండొచ్చు, అది బూడిదరంగు పూస్తుంది, నా కుర్చీలో ఉన్నవాళ్ళు "సరే" నొక్కుతారు, సిమెంటు పోసేస్తారు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అబద్ధానికి నా సంతకం పెట్టి, దాన్ని పాఠంగా నేర్పించమంటున్నాడు ఈ మనిషి.

"మార్చను సార్," అన్నాను.

"అసలు నీకేమొస్తుందమ్మా ఇందులో?"

ఆఫీసులో మూడేళ్ళూ, ఫోన్‌లో నాలుగేళ్ళూ ఆయన ముందు దాచుకున్న నాలుక ఆ క్షణాన కట్లు తెంపుకుంది. "నాకేమొచ్చేదేంది సార్? రాయి అది. మీరు ఏమంటే అది అయిపోతాదా? నేను ఏం రాస్తే అది అయిపోతాదా? అది ఏముండాదో అదే ఉండాది! మీ మిషన్‌కు తప్పొచ్చిందని రాయిని మార్చమంటాండారే, సిగ్గుగా లేదా మీకు?"

సిగ్గు మాట అని ఉండకూడదేమో. పెద్దమనిషి. కానీ అనేశాను, ఈరోజుకీ దానికి బాధ లేదు. ఆయన ఫోన్ పెట్టేశారు. నేను చివరి రిపోర్టు తెరిచి, ఆ పద్దెనిమిది మీటర్ల దగ్గర "పొటాషియం ఎక్కువున్న ఇసుకరాయి, నీళ్ళు ఉన్నది, పరీక్షలో రుజువైంది" అని రాసి, విడదీసిన గామా గీతల్ని దానికి జతచేసి, సంతకం పెట్టి పంపేశాను.

నెలాఖరుకి మూడు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఇంతకాలం చేసిన సేవలకు కృతజ్ఞతలు, కాంట్రాక్టు పొడిగించడం లేదు, కంపెనీ తెరలు వెనక్కి పంపగలరు. ఏడ్చాను. బాగా ఏడ్చాను. తెరల్ని అట్టపెట్టెలో పెట్టి పాత చీర చుట్టి సర్దుతూ కూడా ఏడుస్తూనే ఉన్నాను. ఏడుపు వచ్చినంత మాత్రాన చేసింది తప్పని కాదు కదా.

నాయన పైకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"రాయి పేరు తప్పు చెప్పినావా?"

"లేదు."

"నీళ్ళు రాలేదా మల్ల?"

"వచ్చినాయి."

"మల్ల ఏమిటికి తీసేసినారు?"

"తప్పు చెప్పమంటే చెప్పలేదని నాయనా."

ఆయన వచ్చి పెట్టెకు రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి మెట్లు దించి, కొరియర్ బండి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాం.

ఇప్పుడు నా సొంత పాత కంప్యూటర్ మీద, కాలేజీ పిల్లలకు లాగ్ చదవడం నేర్పుతున్నాను, ఇదే గదిలోంచి. కరెంటు పోతే పాఠం ఆగుతుంది, వచ్చాక మళ్ళీ మొదలవుతుంది. మునుపంత రాబడి లేదు. ఊళ్ళోంచి కదలాల్సిన అవసరమైతే ఇంకా రాలేదు.

కంపెనీ నుంచి మాత్రం ఫోన్లు ఆగలేదు. ఒకసారి పంపిన రిపోర్టును మార్చాలంటే రాసినవాళ్ళే సంతకం పెట్టాలి. అదీ వాళ్ళ నియమమే. మొదటిసారి ఎవరో ఉద్యోగి చేశాడు, మర్యాదగా కుదరదన్నాను. రెండోసారి, మారిస్తే కాంట్రాక్టు సంగతి మళ్ళీ ఆలోచిస్తామన్నారు, దానికీ కుదరదన్నాను. మొన్న సారే స్వయంగా చేశారు. పాఠం మధ్యలో ఉన్నాను, పిల్లల్ని ఆగమని ఫోన్ ఎత్తాను.

"ఎంతకాలమమ్మా ఈ పంతం?" అన్నారు.

"ఆ రాయి కోట్ల ఏండ్ల నుంచీ ఆడే ఉండాది సార్," అన్నాను. "నాకేం తొందర?"